మార్కెట్ మందగించినప్పుడు ఇల్లు అమ్ముడుపోవడం లేదు: ధర తగ్గించాలా, ఆగాలా, అద్దెకు ఇవ్వాలా?

తాళంచెవి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా వేరే ఊరికి రావలసి ఉండడంతో, ఇంతకాలం మేము ఉన్న సొంత ఇంటిని అమ్మకానికి పెట్టాము. ఇల్లు ఇప్పుడు ఖాళీగా ఉంది. దాని మీది గృహరుణం ఇంకా తీరలేదు కనుక, ఒకవైపు ఆ కిస్తీ, మరొకవైపు ఇక్కడి అద్దె రెండూ కడుతున్నాము. తొలి వారాల్లో ఇల్లు చూడడానికి చాలామందే వచ్చారు. గదులన్నీ తిరిగి, బాగుందని చెప్పి, మళ్లీ ఫోన్ చేస్తామని వెళ్లారే తప్ప బేరానికి కూర్చున్నవారు లేరు. ఇప్పుడు ఆ రాకపోకలు కూడా ఆగిపోయాయి. మార్కెట్ పడి ఉంది కాబట్టి ఓపిక పట్టమని మా ఏజెంట్ అంటున్నారు.

మేము చెబుతున్న ధర గాలిలోంచి పుట్టినది కాదు. మేము కొన్న ధర, ఆ తరువాత వంటగదికి, పైకప్పు మరమ్మతుకు పెట్టిన ఖర్చు, రేట్లు బాగున్న రోజుల్లో అదే వీధిలో అమ్ముడైన ఒక ఇంటి ధర, ఈ మూడింటినీ చూసుకుని నిర్ణయించాము. అంతకన్నా తక్కువకు ఇవ్వడమంటే చేతులారా నష్టపోవడమేనని ఇంట్లో అందరి అభిప్రాయం.

ఒక కుటుంబం మాత్రం మా ధరకు దగ్గరగా ఇస్తామని ముందుకు వచ్చింది. అయితే వారి ఇప్పటి ఇల్లు అమ్ముడైతేనే మాది కొంటామని షరతు పెట్టారు. వారి కోసం ఆగడమా, ధర తగ్గించి వేరేవారిని చూడడమా, లేక మార్కెట్ కోలుకునేదాకా అద్దెకు ఇచ్చుకోవడమా అన్నది తేలడం లేదు. ఇలాంటి పరిస్థితిని దగ్గరగా చూసినవారు సలహా ఇవ్వగలరు.

వడ్డీలెక్క

తాళంచెవి గారూ, మీ ధరకు మీరు చూపిన మూడు ఆధారాల్లో ఒక్కటి కూడా కొనేవారికి సంబంధించినది కాదు. మీరు ఎంతకు కొన్నారన్నది వారికి అనవసరం. వంటగదికి మీరు పెట్టినంతా వారు తిరిగి ఇవ్వాలని లేదు. రేట్లు బాగున్న రోజుల్లో పక్కవారికి వచ్చిన ధర ఆనాటి కొనుగోలుదారుల శక్తిని చెబుతుందే తప్ప నేటివారి శక్తిని చెప్పదు.

ఆ శక్తి ఎంత మారుతుందో ఒక లెక్క చూడండి. నెలకు ఇంత కిస్తీ మాత్రమే కట్టగలనని నిశ్చయించుకున్న వ్యక్తికి, 20 ఏళ్ల గడువుతో తీసుకునే అప్పు మీద వడ్డీ 7 శాతం నుంచి 9 శాతానికి పెరిగిందనుకుందాం. అదే కిస్తీకి అతనికి దొరికే అప్పు దాదాపు 14 శాతం తగ్గిపోతుంది. అతని జీతం తగ్గలేదు, మీ ఇల్లు పాతబడలేదు, అయినా అతను పెట్టగలిగే ధర మాత్రం ఆ మేరకు పడిపోయింది. అందుకే మందగమనం మొదలైనప్పుడు ముందు తగ్గేది ధరలు కావు, అమ్మకాల సంఖ్య. అమ్మేవారు పాత ధరను పట్టుకుని కూర్చుంటారు, కొనేవారు దాన్ని అందుకోలేరు, మధ్యలో బేరాలు కుదరవు. మార్కెట్ పడి ఉందంటే, చాలావరకు, ఈ రెండు లెక్కల మధ్య ఎడం ఇంకా పూడలేదనే అర్థం.

నష్టానికి అమ్మకూడదన్న పట్టుదల మీ ఒక్కరిదే కాదు. 1990లలో బోస్టన్ నగరం నడిబొడ్డున జరిగిన అపార్ట్‌మెంట్ల అమ్మకాలను డేవిడ్ జెనసోవ్, క్రిస్టఫర్ మేయర్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు పరిశీలించి 2001లో ఫలితాలను ప్రచురించారు. కొన్న ధర కంటే తక్కువకు అమ్మవలసి వచ్చేవారు, ఆ తేడాలో 25 నుంచి 35 శాతం మేరకు తమ ధరను పెంచి చెప్పారని, వారి ఇళ్లు అమ్ముడుపోవడానికి ఎక్కువ కాలం పట్టిందని అందులో తేలింది. పెట్టుబడి కోసం కొన్నవారితో పోలిస్తే, స్వయంగా నివసిస్తున్న యజమానుల్లో ఈ ధోరణి సుమారు రెట్టింపు కనిపించింది. ఇల్లు మనది అన్న భావన ధర చెప్పేటప్పుడు ఎంతగా అడ్డుపడుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

నా సలహా ఒక్కటే. ఇటీవల నిజంగా రిజిస్ట్రేషన్ అయిన ఇళ్ల ధరలను తెప్పించుకోండి. ఇళ్లు అమ్మకానికి పెట్టినవారు చెబుతున్న ధరలను చూసి మాత్రం లెక్క వేయకండి, అవన్నీ మీలాగే ఇల్లు అమ్ముడుపోనివారి కోరికలు.

నడుమనున్నవాడు

వడ్డీలెక్క గారి లెక్కతో నాకు పేచీ లేదు. నేను చాలాకాలం ఇళ్ల క్రయవిక్రయాల్లో మధ్యవర్తిగా పనిచేసి మానేశాను కనుక, ఏజెంట్ల వైపు నుంచి కొన్ని విషయాలు చెబుతాను.

ముందుగా ఓపిక పట్టమన్న మాట సంగతి. ఏజెంటుకు అమ్మకపు ధరలో 2 శాతం వస్తుందనుకుందాం. అతను అదనంగా కష్టపడి మీ ఇంటికి 5 శాతం ఎక్కువ ధర తెచ్చినా, అతని చేతికి అదనంగా వచ్చేది ధరలో వెయ్యో వంతు మాత్రమే. స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ షికాగో ప్రాంతంలో సుమారు లక్ష ఇళ్ల అమ్మకాలను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఏజెంట్లు తమ సొంత ఇళ్లను అమ్ముకున్నప్పుడు ఖాతాదారుల ఇళ్లకన్నా సగటున 9.5 రోజులు ఎక్కువ ఆగారని, 3.7 శాతం ఎక్కువ ధర పొందారని తేలింది. అంటే పరాయి ఇంటిని త్వరగా వదిలించుకోవడమే వారికి లాభం. మరి మీ ఏజెంట్ ఆగమంటున్నారేమిటి అంటే, దానికి నాకు తెలిసిన కారణాలు రెండున్నాయి. మీరు మరొకరి దగ్గరికి వెళ్లకుండా ఉండేందుకు మొదట్లో మీరు కోరిన ధరకు తల ఊపి ఉంటే, ఇప్పుడు తగ్గించమని చెప్పడానికి ఆయనకు నోరు రాదు. రెండోది వినడానికి బాగుండదు కానీ ఉన్నమాటే. ఎక్కువ ధరతో నిలబడ్డ ఇల్లు, పక్కనున్న మరో ఇంటిని చవకగా చూపించడానికి బాగా పనికివస్తుంది. మీ ఏజెంట్ అలాంటివారని నేను అనడం లేదు. మీ ఇల్లు చూసి వెళ్లినవారిలో ఎందరు ఆయన ద్వారానే వేరే ఇల్లు కొన్నారో మర్యాదగా అడిగి తెలుసుకోండి.

చూసి వెళ్లినవారిని నచ్చిందా అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. చివరికి ఏ ఇల్లు తీసుకున్నారు, దాన్ని ఎందుకు ఎంచుకున్నారు అని అడిగితే మీ ఇంటి నిజమైన స్థానం బయటపడుతుంది. తొలి వారాల్లో జనం వచ్చారంటే ప్రకటన పనిచేసింది. వచ్చినవారిలో ఎవరూ బేరానికి దిగలేదంటే, ఇంట్లో అడుగుపెట్టాక ఏదో చూసి వెనక్కి తగ్గారు, లేదా అదే డబ్బుకు అంతకన్నా మెరుగైనది వేరే చోట చూశారు. అసలు ఎవరూ రాకపోవడం వేరే జబ్బు, దాని మందు వేరు.

ఇంకొక చిన్న విషయం. ఈ రోజుల్లో కొనేవారు ఇంటర్నెట్‌లో గరిష్ఠ ధర ఇంత అని పెట్టి వెతుకుతారు, అది దాదాపు ఎప్పుడూ సున్నాలతో ముగిసే గుండు అంకెగానే ఉంటుంది. మీ ధర అటువంటి గుండు అంకెకు కాస్త పైన ఉంటే, ఆ హద్దు పెట్టుకున్న వారెవరికీ మీ ఇల్లు కనబడనే కనబడదు. ధర తగ్గించదలిస్తే కొసరుకొసరుగా కాకుండా, కింది హద్దులోకి చేరేలా ఒక్కసారే తగ్గించండి. నెలనెలా కొంచెం కొంచెం తగ్గిస్తూ పోతే చూసేవారు వచ్చే నెల తగ్గింపు కోసం ఎదురుచూడడం నేర్చుకుంటారు.

షరతుతో వచ్చిన కుటుంబాన్ని వదులుకోకండి, అలాగని వారికి కట్టుబడీ ఉండకండి. ఒప్పందంలో మూడు అంశాలు రాయించాలి. వారి ఇల్లు అమ్ముడుపోవడానికి ఒక చివరి తేదీ ఉండాలి. అంతవరకు మీ ఇంటిని ఇతరులకు చూపించే హక్కు మీకు ఉండాలి. వేరే పార్టీ షరతు లేకుండా ముందుకు వస్తే, వీరికి రెండు మూడు రోజుల గడువు ఇచ్చి, ఆలోగా షరతు వదులుకుంటే సరే, లేకపోతే బేరం రద్దయినట్లేనని స్పష్టంగా ఉండాలి. ఇది చాలా దేశాల్లో వాడుకలో ఉన్న ఏర్పాటే. సంతకానికి ముందు స్థానిక న్యాయవాదికి చూపించండి. వారి ఇల్లు ఏ ధరకు పెట్టారో కూడా కనుక్కోండి. వారూ మీలాగే పాత రేటు పట్టుకుని ఉంటే, మీ ధరకు దగ్గరగా ఇస్తామన్న వారి మాట కాగితం మీదే ఉండిపోతుంది.

గోడాగుమ్మం

ధర గురించి పెద్దలు చెప్పారు. నేను ఇళ్ల మరమ్మతు పనులు చేయిస్తాను కనుక, ఖాళీ ఇల్లు అన్న మాట దగ్గర ఆగుతున్నాను.

మనుషులు ఉంటున్న ఇంటిలో కనబడని లోపాలు ఖాళీ ఇంటిలో బయటపడతాయి. స్నానాలగదిలో నీరు పోయే కన్నం కింద వంపు గొట్టంలో కొంత నీరు ఎప్పుడూ నిలిచి ఉండి, మురుగు వాసన పైకి రాకుండా ఆపుతుంది. వారాల తరబడి ఎవరూ నీళ్లు పోయకపోతే ఆ నీరు ఆవిరైపోయి, మురుగు గొట్టంలోని వాసన తిన్నగా గదుల్లోకి వస్తుంది. తలుపు తీసిన క్షణంలోనే కొనేవారి ముక్కుకు అది తగులుతుంది. పైకి మర్యాదగా ఏమీ అనరు, కానీ డ్రైనేజీ పాడైందని మనసులో రాసేసుకుంటారు. ఎవరైనా చూడడానికి వచ్చే ముందురోజు ప్రతి కన్నంలోనూ ఒక చెంబెడు నీళ్లు పోయించండి, కిటికీలన్నీ తీయించండి. దీనికి ఖర్చేమీ లేదు.

గోడ మీద చెమ్మ మరక ఉంటే దాని మీద రంగు వేసి దాచవద్దు. ఒకే గోడకు, అందులోనూ సగానికే కొత్త రంగు ఉంటే ఎంత అనుభవం లేనివారికైనా అనుమానం వస్తుంది. నీరు ఎక్కడినుంచి దిగుతోందో కనిపెట్టి ఆపించి, గోడ పూర్తిగా ఆరిన తరువాతే రంగు వేయించండి. ఆ పని చేసినవారి బిల్లును ఇంటి కాగితాలతోపాటు ఉంచండి. పైకప్పు మరమ్మతుకు ఖర్చు పెట్టామన్నారు కదా, దాన్ని ధరలో కలపడంకన్నా ఆ రసీదులు, ఫోటోలు చూపించి భయం తీర్చడానికి వాడుకుంటే ఎక్కువ ఫలితం ఉంటుంది. తీరిగ్గా ఎంచుకునే వీలున్న ఇలాంటి కాలంలో కొనేవారు కొంచెం సందేహం కలిగినా పక్క ఇంటికి పోతారు.

కొత్త వంటగది, కొత్త టైల్స్ లాంటి పెద్ద ఖర్చులు మాత్రం అమ్మకం కోసం ఇప్పుడు పెట్టవద్దు. వచ్చేవారి అభిరుచి ఏమిటో మీకు తెలియదు. బిగుసుకుపోయిన తలుపు, వెలగని బల్బు, కారుతున్న కుళాయి, ఇవి చాలు. ఇంటి బీమా పత్రాన్ని కూడా ఒకసారి చదవండి. నిర్ణీత గడువు దాటి ఇల్లు ఖాళీగా ఉంటే కొన్ని రకాల నష్టాలకు పరిహారం ఇవ్వమని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది.

ఆగినవాడు

అందరూ ధర తగ్గించమనే అంటున్నారు కనుక రెండో పక్షం కూడా వినిపిస్తాను. వడ్డీలెక్క గారు చెప్పిన బోస్టన్ అధ్యయనంలోనే మరో సగం ఉంది. ధర ఎక్కువగా చెప్పి పట్టుదలగా నిలబడ్డవారికి చివరికి కొంత ఎక్కువ ధరే వచ్చింది. కొన్న ధరకూ, వస్తుందనుకున్న ధరకూ మధ్య తేడాలో 3 నుంచి 18 శాతం మేరకు వారు అదనంగా పొందారు. కాబట్టి ఆగడం వట్టి మొండితనమని కొట్టిపారేయలేము. అమ్మి తీరవలసిన అవసరం లేనివారు మందగమనంలో అమ్మకపోవడమే మేలని నేను అనుకుంటాను.

నేను నా ఇంటిని అప్పట్లో అద్దెకు ఇచ్చి, తరువాత అమ్ముకున్నాను. అద్దె కిస్తీకి సరిపోకపోయినా, కిస్తీలో అసలు కింద పోయే భాగం నా అప్పునే తగ్గిస్తోంది కాబట్టి నా మీద పడిన నికర భారం పైకి కనిపించినంత ఉండలేదు. అయితే ఈ దారిలోనూ చూసుకోవలసినవి ఉన్నాయి. అద్దెకు ఇచ్చే ముందు రుణదాత అనుమతి అవసరమేమో రుణపత్రంలో చూడండి. సొంత నివాసం అమ్మినప్పుడు దొరికే పన్ను మినహాయింపులు, కొంతకాలం అద్దెకు ఇచ్చాక చాలా దేశాల్లో తగ్గవచ్చు లేదా పోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, అద్దెదారు ఉన్న ఇంటిని తాము నివసించడానికి కొనేవారు తొందరగా ముట్టుకోరు. ఒప్పందం ముగిసే తేదీని, ముందస్తు నోటీసు గడువును, కొనేవారికి ఇల్లు చూపించడానికి అద్దెదారు సమ్మతిని మొదటే రాసుకోకపోతే తరువాత ఎంత బతిమాలినా పని జరగదు.

వడ్డీలెక్క

ఆగినవాడు గారు చెప్పిన రెండో సగం నిజమే, నేను రాయవలసిందే. అయితే ఆ అదనపు ధరను ఆగడానికి అయ్యే ఖర్చుతో పోల్చి చూడాలి.

100కు కొన్న ఇల్లు ఇప్పుడు 80 పలుకుతుందనుకుందాం. తేడా 20. ఆ అధ్యయనం ప్రకారం అలాంటి యజమాని తన ధరను 5 నుంచి 7 వరకు పెంచి చెబుతాడు, చివరికి అదనంగా 0.6 నుంచి 3.6 వరకు పొందుతాడు. ఇక ఖర్చు. అప్పు మీది వడ్డీ, ఇంట్లో ఇరుక్కుపోయిన సొంత డబ్బు మరోచోట తెచ్చిపెట్టగల రాబడి కలిపి ఏడాదికి 7 శాతం, పన్ను, బీమా, నిర్వహణ కలిపి 2 శాతం అనుకుందాం. 80 మీద 9 శాతం అంటే ఏడాదికి 7.2, నెలకు 0.6. అదనపు రాబడిలో కింది అంచు ఒక్క నెలలో హరించుకుపోతుంది, పై అంచు ఆరు నెలల్లో పోతుంది. ఇల్లు ఖాళీగా పెట్టుకుని ఏడాది ఆగినవారు, ధరలు ఆలోగా పెరిగితే తప్ప, నిలబడి గెలిచామనుకుంటూ నష్టపోయినట్లే. అద్దె వస్తుంటే లెక్క మారుతుంది, అందులో నాకు అభ్యంతరం లేదు. తాళంచెవి గారు కడుతున్నది రెండు వైపులా, వస్తున్నది సున్నా. వారి అంకెలతో ఈ లెక్క వారే వేసుకోవాలి. కిస్తీలో అసలు భాగాన్ని ఖర్చు కింద రాయకూడదన్న మాట మాత్రం పూర్తిగా సరైనది.

ఇప్పుడున్న ఊరిలో ఇల్లు కొనే ఉద్దేశం ఉందా? ఉంటే, అక్కడ కూడా మార్కెట్ ఇలాగే ఉన్న పక్షంలో, ఇక్కడ అమ్మకంలో తగ్గినది అక్కడ కొనుగోలులో చాలావరకు తిరిగి వస్తుంది. రెండు చోట్లా రేట్లు పెరిగేదాకా ఆగితే మీకు మిగిలేది ఏమీ ఉండదు.

తాళంచెవి

అందరికీ ధన్యవాదాలు. రిజిస్ట్రేషన్ అయిన ధరలు తెప్పించి చూశాము. మా ధర వాటికన్నా స్పష్టంగా ఎక్కువగానే ఉంది. ఖాళీ ఇంటి మీద నెలనెలా పోతున్నది అసలు భాగం తీసేసి లెక్కగడితే, ఇంట్లో పట్టుబట్టినవారు కూడా మెత్తబడ్డారు. ఇక్కడ కొనాలనే ఆలోచన ఉంది కనుక ఆ చివరి ప్రశ్న మాకు బాగా తగిలింది. గోడాగుమ్మం గారూ, తాళాలు ఉన్న బంధువును పంపితే మీరన్న వాసన నిజంగానే వెనక స్నానాలగదిలో ఉందని చెప్పారు.

కింది హద్దులోకి ధర దించాలని, షరతుతో వచ్చిన కుటుంబానికి నడుమనున్నవాడు గారు చెప్పినట్లే గడువుతో ఒప్పందం ప్రతిపాదించాలని నిర్ణయించాము. ఒక సందేహం మిగిలింది. ధర తగ్గించినట్లు బయటపెడితే, మేము ఇరుకున పడ్డామని గ్రహించి ఇంకా తగ్గించమని పీడిస్తారేమోనని భయంగా ఉంది. మొదట చూసి వెళ్లినవారికి ఈ సంగతి చెప్పాలా, వద్దా?

నడుమనున్నవాడు

తప్పక చెప్పాలి, అదీ ముందు వారికే. ఇల్లు చూసి వెనక్కి తగ్గినవారికి దారి, గదులు, వెలుతురు అన్నీ తెలుసు, అడ్డం వచ్చింది ధర ఒక్కటే కావచ్చు. కొత్త ధర ప్రకటనలో కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే ఏజెంట్ చేత వారందరికీ ఫోన్ చేయించండి. ఇరుకున పడ్డామని కాకుండా, ఇటీవలి రిజిస్ట్రేషన్ ధరలను చూసి సరిచేశామని చెప్పించండి, ఆ ధరల పట్టికను కూడా పంపించండి. ఇంకా తగ్గించమని అడిగేవారికి ఆ పట్టికే జవాబు.

దానికంటే ముందు ఒక పని ఉంది. ఈ రోజు అప్పు మొత్తం తీర్చాలంటే ఎంత కట్టాలో రుణదాత నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి, గడువుకు ముందే తీర్చినందుకు రుసుము ఏమైనా ఉంటే అది కూడా అందులో రావాలి. కొత్త ధరలోంచి ఏజెంట్ రుసుము, ఇతర ఖర్చులు పోగా మిగిలేది ఆ మొత్తానికి చాలకపోతే, రుణదాత తన హక్కు వదులుకునే దాకా రిజిస్ట్రేషన్ జరగదు. ఆ తేడాను చేతి నుంచి కట్టగలరో లేదో తేల్చుకోకుండా ఎవరి దగ్గరా బయానా తీసుకోవద్దు.